గోడవార మూడో చోటు

సంజీవరావు మాస్టారు వచ్చి అరుగు మీద కూర్చున్నా మార్కు లేవలేదు. పాత బ్రష్షులు కిరసనాయిల్లో ముంచి, వెంట్రుకల మధ్య ఎండిన రంగును గోటితో దువ్వుతున్నాడు. దువ్వుతూనే ఉన్నాడు. మాస్టారు సంఘపెద్ద. ఊరికే ఒకరి అరుగు ఎక్కే మనిషి కాదు. ఎక్కాడంటే పని పడిందన్నమాట.

“గుడి గోడ సంగతి వినే ఉంటావు,” అన్నాడు మాస్టారు.

“విన్నాను.”

“పానకాలు మళ్ళీ రాడట. పేటలో స్పిన్నింగు మిల్లు పని ఒప్పుకున్నాడట.”

“మిల్లు గోడలకి ఎవరూ తలలు ఆనించరు లెండి. అక్కడైతే ఆగుద్ది అతని రంగు.”

మాస్టారు నవ్వబోయి మానుకున్నాడు.

ఆ సంగతి పల్లెలో తెలియనివాళ్ళు లేరు. కోతల పండుగకి బిషప్పు గారు వస్తున్నారని చర్చికి రంగు వేయించారు. చిలకలూరిపేట నుంచి పానకాలు వచ్చి, రెండే రోజుల్లో రెండు వైపుల గోడలకీ మీగడ రంగు కొట్టి వెళ్ళాడు. అద్దంలా మెరిసింది. మూడో ఆదివారం ప్రసంగం అయి ప్రార్థనకి లేచేసరికి, గోడవార కూర్చున్న ఆడవాళ్ళ తలలతో పాటు రంగూ లేచింది. పెచ్చులు పెచ్చులుగా జుట్టుకి అంటుకుంది. ఎలీసమ్మ ముడికి అరచేతంత పెచ్చు వేలాడిందట. వెనక ఉన్నవాళ్ళు ప్రార్థన ఎక్కడిదాకా వచ్చిందో కూడా మరిచిపోయి నవ్వారట. మార్కుకి ఈ సంగతి టీకొట్టు దగ్గర తెలిసింది. నవ్వలేదు. ఆ పూట మాత్రం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

“లోపం ఎక్కడుందంటావు?” అన్నాడు మాస్టారు.

“మెరుపు చంపలేదు.”

“అంటే?”

“కింద ఉన్నది నేను వేసిన ఆయిల్ పెయింటు. పన్నెండేళ్ళ కిందటిది. నున్నగా ఉంటది. నున్నటి దాని మీద ఇంకో రంగు వేస్తే దేన్ని పట్టుకుంటది? ముందు కడగాలి. తర్వాత గరుకు కాగితంతో రుద్ది ఆ మెరుపు చంపాలి. అందులోనూ ఆడాళ్ళ వైపు గోడకి నూనె. కడగకుండా నూనె మీద రంగు వేశాడంటే వాడు పెయింటరు కాదు.”

ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం మార్కుకి అలవాటు లేదు. పని గురించి కాబట్టి మాట్లాడాడు.

“ఆ గోడకి మొదట రంగు వేసింది నువ్వే కదా. నువ్వు పట్టుకుంటే పరువు దక్కుద్ది,” అన్నాడు మాస్టారు. ఆ తరువాత గొంతు తగ్గించి, “గుడిలోకి రానని అన్నావు. తెలుసు. ప్రార్థనకి రమ్మనటం లేదు నేను,” అన్నాడు.

మార్కు బ్రష్షు విదిలించాడు. మళ్ళీ కిరసనాయిల్లో ముంచాడు.

“వస్తాను,” అన్నాడు చివరికి. “నేను పని చేసినన్నాళ్ళూ లోపలికి ఒక్కరు రాకూడదు. తొంగి చూడకూడదు. గడప దాటితే సామాను సర్దుకుని వచ్చేస్తాను.”

మాస్టారు సరేనని లేచాడు. మార్కు ఎందుకు ఒప్పుకున్నాడో ఆయనకి తెలియదు. పరువు కోసం అనుకుని ఉంటాడు.

అది కాదు. ఆ గోడ మీద రెబ్కా ఉంది.

చర్చిలో కుర్చీలు లేవు. చాపల మీద కూర్చుంటారు, మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. పొద్దస్తమానం వంగి పని చేసే ఆడవాళ్ళకి ఆదివారం ఒక్క గంట వీపు ఆనటం పెద్ద సుఖం. అందుకని గోడవార చోట్లు పెద్దవాళ్ళవి. ఎవరి చోటు వాళ్ళదే, ఏళ్ళ తరబడి. తల నిండా నూనె రాసుకుని వచ్చి ఆనుకునేవాళ్ళు. సున్నం గోడ ఉన్నన్నాళ్ళూ నల్లగా మరకలు పడుతున్నాయని, అప్పటి పాస్టరు గారు రొమ్ము ఎత్తు దాకా ఆకుపచ్చ ఆయిల్ పెయింటు వేయించారు. తుడిస్తే పోతుందన్నారు. ఎవరూ తుడవలేదు. ఎవరి తల ఎత్తున వాళ్ళ మరక పడింది. ఆ వరస చూసి ఎవరెక్కడ కూర్చుంటారో చెప్పొచ్చు.

రెండో కిటికీ దాటాక మూడోది మార్కు భార్య రెబ్కా చోటు. పొట్టి మనిషి. అందరి మరకల కంటే ఆమెది బెత్తెడు కిందికి ఉంటుంది. ఆదివారం పొద్దున తలకి రాసుకున్నాక, అరచేతిలో మిగిలిన నూనె మార్కు నెత్తిన రుద్దేది. వద్దన్నా రుద్దేది.

ఆమె పోయింది ఎనభై రెండు ఫిబ్రవరిలో. మూడు రోజుల జ్వరం. మిరప కోతలు మంచి ఊపు మీదున్నాయి. తెల్లవారుజామున ట్రాక్టర్లు వచ్చి పల్లెకు పల్లెనే ఎక్కించుకుపోయేవి. ఆ రోజూ అలాగే పోయాయి. అవి పోయిన గంటకి రెబ్కా ప్రాణం పోయింది. మార్కు చర్చి గంట కొట్టించాడు. ఆ గంట పొలాల దాకా వినపడుతుంది. పొలాల నుంచి ఎవరూ రాలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టె మూయించాడు. మోయగలిగిన నాలుగో మనిషి లేకపోతే, బండి తోలుకుంటూ పోతున్న హుస్సేన్ సాహెబ్ దిగి భుజం పట్టాడు. సమాధుల దొడ్డి గేటు దగ్గర నిలబడి మార్కు లెక్కపెట్టాడు. తనతో కలిపి పదకొండు మంది.

పల్లెలో ఎవరు చచ్చినా నీళ్ళు కాచింది రెబ్కా. స్నానం చేయించింది రెబ్కా. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినవాళ్ళకి కాఫీ పట్టించింది రెబ్కా. ఆమెకి పదకొండు మంది.

చీకటి పడే వేళకి అందరూ వచ్చి వాకిట్లో నిలబడ్డారు. మార్కు తలుపు వేసుకున్నాడు. ఆ తరువాత చర్చి గడప తొక్కలేదు.

ఆమె ఫొటో ఒక్కటి లేదు. పేటకి వెళ్ళినప్పుడు స్టూడియో ముందు రెండుసార్లు ఆగింది. “ఎందుకిప్పుడు,” అన్నాడు రెండుసార్లూ. ఇక లోకంలో ఆమె గుర్తు అంటూ మిగిలింది ఆ మరకే. అది ఆ మనుషుల మధ్య ఉంది. వాళ్ళు పక్కన కూర్చుని పాటలు పాడుతుంటారు. అది మార్కుకి గొంతులో ముల్లులా ఉండేది. పానకాలు దాని మీద రంగు వేశాడని విన్నప్పుడు ఒకందుకు బాధ, ఒకందుకు హాయి. ఇప్పుడు తన చేతుల్తో తుడిచేసే దారి దొరికింది. మట్టికి రానివాళ్ళ గోడ మీద ఆమె మరక ఉండనక్కర్లేదు. ఉంచడు.

సోమవారం పొద్దున తాళం తీసి లోపలికి పోయాడు. అందరూ పత్తి తీతలకి పోయారు. పల్లె బోసిగా ఉంది. చర్చి లోపల చాపల వాసన, గబ్బిలాల వాసన. తలెత్తి చూడలేదు. పలుచటి రేకు తీసుకుని పానకాలు రంగు గీకటం మొదలుపెట్టాడు.

సగం గోడ ఊరికే వచ్చింది. రేకు కొస దూరిస్తే చాలు, అరిటాకు చినిగినట్టు బారుగా ఊడి వచ్చింది. ఆడవాళ్ళ వైపు తలల ఎత్తున గీకే పనే లేదు. అక్కడ రంగు ముందే ఊడిపోయింది. కిటికీల మధ్య వరసగా, ఒక్కో తలకి ఒక్కో బొక్క.

రెండో కిటికీ దాటాక మూడో చోట మాత్రం బొక్క లేదు. మీగడ రంగు చెక్కు చెదరకుండా ఉంది.

“వీడు ఇక్కడొక్కచోట సరిగ్గా వేసి చచ్చాడు,” అనుకున్నాడు మార్కు. అంతకు మించి ఆలోచించలేదు. కొస దొరకబుచ్చుకుని అదీ గీకాడు. కింద తన పాత ఆకుపచ్చ. దాని మీద ఆమె మరక. గుండ్రంగా, కింద ముడి ఆనిన చోట ఇంకో చిన్న గుండ్రం.

ఆ రోజుకి దాన్ని అలా వదిలి మగవాళ్ళ వైపు గోడ చేశాడు. పండుగకి తెచ్చిన మిరప బస్తాలు ఏటా పేర్చే మూల ఒకటి ఉంది. అక్కడ గోడ తడపకుండా రుద్దితే ఘాటు లేచి మనిషి నిలవలేడు. ముందు బకెట్టెడు నీళ్ళు చల్లి, తడి మీదే కాగితం ఆడించాడు. అయినా రెండుసార్లు తుమ్మాడు. సాయంత్రానికి భుజం దించలేకపోయాడు. యాభై ఎనిమిదేళ్ళ భుజం. ఇంటికి పోయి పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకుని తిని, పడుకున్నాడు.

మంగళవారం బట్టల సోడా వేణ్ణీళ్ళలో కలిపి, నేరుగా రెబ్కా చోటుకే వచ్చి గొంతుక్కూర్చున్నాడు. అదే ముందు. అదైపోతే మిగతాది మామూలు పనే.

సోడా గుడ్డ పెట్టి రుద్దాడు. కదల్లేదు. మళ్ళీ పెట్టాడు. నీళ్ళు పసుపచ్చగా కూడా మారలేదు. మరక గట్టిపడి పెంకు కట్టింది, దాని మీద దుమ్ము కలిసి రాయిలా అయింది. రేకుతో గీకాడు. గరుకు కాగితం తడిపి రుద్దాడు. ఒక కాగితం అరిగిపోయింది. ఇంకోటి తీశాడు.

“బతికున్నప్పుడూ ఇంతే,” అన్నాడు పైకే. “ఒకపట్టాన కదిలేదానివి కాదు.”

అరగంట పైనే పట్టింది. చేతివేళ్ళు సోడాకి పగిలి మండుతున్నాయి. చివరికి ఆకుపచ్చ కూడా పలచబడి, చోటంతా మెరుపు చచ్చి పలకలా అయింది. అరచేత్తో రాసి చూశాడు. ఏమీ లేదు. మంచి పని. దాని మీద ఏ రంగైనా పట్టుకుంటుంది. తనకి హాయిగా ఉంటుందనుకున్నాడు. అలసటగా ఉంది, అంతే.

జరిగి పక్క మరకకి వచ్చాడు. రెండు మూడు కాగితాలు పట్టుకుని సిద్ధపడి సోడా గుడ్డ పెట్టాడు. ఒక్క తుడుపుకి మరక కరిగి కారిపోయింది. గుడ్డ జిడ్డుగా అయింది. ఇంకో తుడుపుకి గోడ శుభ్రం.

ఆ పక్కది చూశాడు. అదీ అంతే. మెత్తగా, వేలికి అంటుకునేంత తాజాగా ఉంది. వెనక్కి వచ్చి రెండో చోటు చూశాడు. అదీ మెత్తనే.

మార్కు గుడ్డ బకెట్టులో వేశాడు.

నలభై ఏళ్ళుగా గోడలు చూస్తున్న మనిషి. తల ఆనుతున్నంత కాలం నూనె మెత్తగా ఉంటుంది. ఆనటం మానేస్తే గట్టిపడుతుంది. దుమ్ము పట్టి పెంకు కట్టటానికి ఏళ్ళు పడుతుంది. అటూ ఇటూ వారం వారం మనుషులు కూర్చునే చోట, మధ్యలో ఒక్క మరక పెంకు కట్టింది. పానకాలు రంగు కూడా అక్కడొక్కచోటే ఊడలేదు. వాడి పనితనం కాదు. అక్కడ ఏ తలా ఆనలేదు.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ఎలీసమ్మ గుమ్మం బయట ఆగింది. చర్చి ఊడ్చేది ఆమే. మార్కుకి వరసకి వదిన. మట్టికి రానివాళ్ళ లెక్కలో ఆమె పేరూ ఉంది. చేతిలో అన్నం క్యారేజీ.

“ఏమయ్యా, అన్నం తింటావా, ఆ సోడా నీళ్ళే తాగి బతుకుతావా?”

“వదినా, ఇట్రా.”

“రావద్దంటివిగా. గడప తొక్కితే తట్టాబుట్టా సర్దుకుపోతావని మాస్టారు మరీ మరీ చెప్పాడు. నా మూలాన పండగ ఆగిపోతే ఆయన నన్ను బతకనిస్తాడా?”

“రా అంటున్నాగా.”

ఎలీసమ్మ వచ్చింది. మార్కు గోడకేసి చూపించాడు.

“ఇక్కడ ఎవరు కూర్చుంటారు?”

ఆమె చూసింది. క్యారేజీ కింద పెట్టింది.

“తుడిచేశావా?” అంది.

“అడిగినదానికి చెప్పు.”

“ఎవరూ కూర్చోరు.”

“ఎందుకని?”

“ఎందుకనేంది? రెబ్కా చోటు గదా అది,” అంది ఎలీసమ్మ, తెలివితక్కువవాడికి చెప్పినట్టు. “మొదట్లో ప్రేమదాసు కోడలు, ఆ సంతోషకుమారి, కొత్తగా కాపరానికొచ్చి తెలియక కూర్చోబోయింది. పక్కన కూర్చునే మరియమ్మ రెక్క పట్టుకుని లేపింది. పిల్ల ఏడ్చింది పాపం. ఆ తర్వాత ఎవరూ పోలా అటు. పండగనాడు జనం పట్టక వాకిట్లో ఎండకి నిలబడతారు గానీ అక్కడ కూర్చోరు. పానకాలు దాని మీద రంగు కొడుతుంటే, ‘అది ఉంచవయ్యా’ అని నేనే అన్నా. ‘నూనె మరక ఉంచమంటారేంది అవ్వా, పిచ్చా’ అన్నాడు.”

మార్కు బకెట్టులోని గుడ్డ తీసి పిండాడు.

“మట్టికి రానివాళ్ళు చోటు కాశారన్నమాట.”

“రాలేదు. నేనూ రాలేదు. నువ్వు రానిచ్చావా?”

“గంట కొట్టించాను.”

“గంట వినపడింది. ఎవరో పోయారనుకున్నాం. ఎవరైతేనేం, కోతల రోజుల్లో ఎవరు పోయినా సాయంత్రం దాకా ఆపుతారుగా. మీ అమ్మకి ఆపలేదూ? మా ఆయనకి ఆపలేదూ? ట్రాక్టర్లు తిరిగొచ్చాక అందరం స్నానాలు చేసి పోవటమేగా ఇక్కడ పద్ధతి. ఆ రోజు దిగి చూస్తే నువ్వు అప్పటికే పూడ్చిపెట్టి వచ్చి తలుపేసుకున్నావు. ఒక్క పూట ఆగితే ఏం పోయేది నీకు?”

“పదకొండు మంది వచ్చారు.”

“ఆ పదకొండు మందీ ఆ రోజు పనికి పోనివాళ్ళు. అంతేగా!” ఎలీసమ్మ గొంతు పెరిగింది. “లెక్కపెట్టావంట గేటు దగ్గర నిలబడి. పల్లె మొత్తానికి తెలుసు. మేం ఆ సాయంత్రం సమాధి దగ్గరికి పోయాం. ఆ మిరప చేతుల్తోనే. కళ్ళు తుడుచుకుంటే మంట. అక్కడెవరూ లెక్కపెట్టలా మమ్మల్ని.”

మార్కు గోడకేసి చూస్తున్నాడు. ఆ రోజు పన్నెండింటికి పెట్టె మూయమన్నది తనే. ‘సాయంత్రం దాకా ఆపుదాం మార్కూ’ అని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇన్నాళ్ళూ గుర్తు తెచ్చుకోలేదు. పాస్టరు గారు అనుకుంటా. ‘గంట విని రానివాళ్ళు సాయంత్రం వస్తారా’ అన్నాడు తను. వాళ్ళకి బుద్ధి రావాలనుకున్నాడు. అప్పుడు తొందర. ఇప్పుడు తొందర.

అయినా పదకొండు పదకొండే. అది మారేది కాదు.

“కడక్కపోతే రంగు పట్టదు,” అన్నాడు. తన మాట తనకే బాగాలేదు.

“నేనేమీ అనలేదుగా,” అంది ఎలీసమ్మ. “నీ పెళ్ళాం. నీ గోడ. కాస్త అడిగి ఉంటే బావుండేది. మాకంటూ ఉన్నది అదొక్కటే.”

తనకీ ఉన్నది అదొక్కటేనని మార్కు అనలేకపోయాడు.

ఎలీసమ్మ క్యారేజీ గిన్నెలు విప్పి గోడ పక్కన పెట్టింది. అన్నం, గోంగూర, ఉల్లిపాయ. తిని గిన్నెలు అక్కడే పెట్టమని, వచ్చి తీసుకుంటానని చెప్పి వెళ్ళిపోయింది. మార్కు తిన్నాడు. రుచి తెలియలేదు. గోంగూర కారం పగిలిన వేళ్ళకి తగిలినప్పుడు మాత్రం తెలిసింది.

తిన్నాక మిగతా మరకలు కడిగాడు. పదిహేడు. అన్నీ సులువుగా పోయాయి. మంచినీళ్ళతో రెండుసార్లు తుడిచాడు. కాగితంతో రుద్దాడు, పై నుంచి కిందికి, కింద నుంచి పైకి. ఎక్కడా తొందరపడలేదు. మూడు గంటలకల్లా గోడ మొత్తం ఒకే రకంగా అయింది. ఎక్కడా మెరుపు లేదు, మరక లేదు. ఏ చోటు ఎవరిదో చెప్పటానికి లేదు. కిటికీలు లెక్కపెట్టుకోవలసిందే.

లెక్కపెట్టుకుని, రెండో కిటికీ దాటాక మూడో చోట చతికిలబడ్డాడు. మోకాళ్ళు నొప్పులు. వీపు గోడకి ఆనించాడు. తరువాత తల ఆనించాడు. ఆమె తల కంటే తన తల పైకి వచ్చింది. కాస్త కిందికి జారి సర్దుకున్నాడు.

ఇక్కడి నుంచి చూస్తే పాస్టరు గారు ప్రసంగం చెప్పే పులిపీటం సగమే కనపడుతుంది, స్తంభం అడ్డం. మగవాళ్ళ వైపు మాత్రం బాగా కనపడుతుంది. ఇరవై ఏళ్ళు తను కూర్చున్న చోటు నేరుగా ఎదురుగా ఉంది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ఎలీసమ్మ గిన్నెల కోసం వచ్చి గుమ్మంలో ఆగింది.

“అది ఆడాళ్ళ వైపు మార్కూ.”

“తెలుసు.”

“గోడ పొద్దుటి నుంచి కడిగావు. మళ్ళీ తల ఆనిస్తే మరక పడుద్ది. మళ్ళీ కడుక్కోవాల్సొస్తది.”

“పడదు,” అన్నాడు మార్కు. “తలకి నూనె రాసుకుని అయిదేళ్ళు కావస్తంది.”

ఎలీసమ్మ గిన్నెలు తీసుకుని, సోడా బకెట్టు కూడా ఎత్తుకుని పారబోయటానికి బయటికి పోయింది. ఎండ రెండో కిటికీ దాటేదాకా మార్కు అక్కడే కూర్చున్నాడు. తరువాత గోడ పట్టుకుని లేచి, తల ఆనిన చోట పొడి గుడ్డతో ఒకసారి తుడిచి, ప్రైమర్ డబ్బా మూత తీశాడు.